చిత్తుప్రతులు ఎవరు దాస్తారు?

జోరా నీల్ హర్‌స్టన్ 1960 జనవరి 28న చనిపోయింది. అప్పటికి ఆమె ఫ్లోరిడాలో, ఫోర్ట్ పియర్స్ అనే ఊళ్ళో, దిక్కులేనివాళ్ళ కోసం కౌంటీ నడిపే ఆశ్రమంలో ఉంది. ఊళ్ళోవాళ్ళు చందాలు వేసుకుని అంత్యక్రియలు జరిపించారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు. ఇక ఆమె సామాన్లు. మనిషి పోయాక ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు చేసే పనే అక్కడా చేశారు. పెరట్లో మంట వేసి ఒక్కొక్కటే అందులో పడెయ్యడం మొదలుపెట్టారు. ఆ దారిన వెళుతున్న పాట్రిక్ డువాల్ అనే డిప్యూటీ షెరీఫ్ పొగ చూసి బండి ఆపాడు. ఆమె అతనికి తెలిసిన మనిషే, రచయిత్రి అని కూడా తెలుసు. మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టం తీసుకుని మంట ఆర్పేశాడు.

అలా మిగిలిన కాయితాలు ఇవాళ గెయిన్స్‌విల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా లైబ్రరీలో ఉన్నాయి. కొన్నిటి అంచులు కాలి గోధుమరంగుకి తిరిగాయి. కొన్నిటిలో సగం వాక్యాలే మిగిలాయి. హెరోడ్ రాజు మీద ఆమె చివరి సంవత్సరాల్లో రాస్తూ పూర్తి చెయ్యలేకపోయిన నవల వాటిలో ఒకటి. అది 2025 జనవరిలో పుస్తకంగా వచ్చింది, ఆమె పోయిన 65 ఏళ్ళకి. పోలీసు ఉద్యోగంలో ఉన్న ఒక మనిషి ఆ పూట వేరే వీధిలో వెళ్ళి ఉంటే ఆ పుస్తకం లేదు.

ఈ శీర్షికలో మనం సాధారణంగా పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పుస్తకం కాకముందు ఉండే కాయితాల గురించి, పుస్తకం అయ్యాక కూడా మిగిలిపోయే కాయితాల గురించి చెప్పుకుందాం. కొట్టివేతలున్న చిత్తుప్రతులు, ఉత్తరాలు, డైరీలు, ఇంటి ఖర్చుల లెక్కలు, సంపాదకులు తిప్పి పంపిన చీటీలు. అమెరికాలో నల్లజాతి రచయిత్రుల కాయితాలకి గత ఇరవై ఏళ్ళలో పెద్ద పెద్ద లైబ్రరీల్లో చోటు దొరికింది. వాటిని అద్దాల బీరువాల్లో పెట్టి చూపిస్తున్నారు, జనం వెళ్ళి చూస్తున్నారు. ఆ బీరువాల దాకా అవి ఎలా వచ్చాయన్నదే నాకు ఆసక్తి. ఎందుకంటే చాలా కాయితాలు రాలేదు.

ఉదాహరణకి ఫిలిస్ వీట్లీ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి బోస్టన్‌లో అమ్మేశారు. 1773లో లండన్‌లో ఆమె కవితల పుస్తకం అచ్చయింది. అమెరికాలో నల్లజాతి వ్యక్తి ప్రచురించిన మొదటి కవితా సంపుటిగా దాన్ని చెప్పుకుంటారు. 1779లో రెండో సంపుటి వేస్తాను, చందాలు కట్టండి అని ఆమె ప్రకటన ఇచ్చుకుంది. చందాలు రాలేదు. 1784లో, ముప్ఫై ఏళ్ళ వయసు దాటీ దాటకుండానే, పేదరికంలో చనిపోయింది. ఆ రెండో సంపుటి రాతప్రతి ఏమైందో ఇప్పటికీ తేలలేదు. ఆమె చేతిరాతలో మిగిలిన నాలుగు పేజీల కవిత ఒకటి, మరికొన్ని వస్తువులతో కలిపి, 2023లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం కొనుక్కుంది. నాలుగు పేజీలు దొరకడమే వార్త అయిందంటే పోయినదెంతో ఊహించుకోవచ్చు.

ఇలా పోకుండా ఆపినవాళ్ళలో మనకి అంతగా తెలియని పేరు ఒకటుంది, డొరతీ పోర్టర్. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థుల కోసం మొదలైన విశ్వవిద్యాలయం. అక్కడ ఆమె 1930 నుంచి 1973 దాకా లైబ్రేరియన్. ఆ రోజుల్లో లైబ్రరీలన్నీ డ్యూయీ పద్ధతిలో పుస్తకాలకి అంకెలు వేసేవి. నల్లవాళ్ళు రాసినది కవిత్వమైనా సరే, నవలైనా సరే, చాలా లైబ్రరీలు 325లోనో 326లోనో పెట్టేసేవి. 325 అంటే వలసలు, 326 అంటే బానిసత్వం. వీటిలో కవిత్వానికి చోటు లేదు. డొరతీ పోర్టర్ ఆ అంకెల్ని పక్కన పెట్టేసి, కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రని చరిత్రలో, రచయితల పేర్ల వరుసలో సర్దింది. కొనడానికి డబ్బు ఉండేది కాదు. అందుకని ప్రచురణకర్తలకి, పుస్తకాల దుకాణాలకి, తెలిసిన కుటుంబాలకి అడిగి అడిగి ఉత్తరాలు రాసేది.

1948లో ఆమె న్యూయార్క్‌లోని పాత పుస్తకాల వ్యాపారి దగ్గర 85 డాలర్లు పెట్టి ఒక రాతప్రతి కొంది. హానా క్రాఫ్ట్స్ అన్న పేరుతో, బానిసగా ఉండి పారిపోయిన ఒక స్త్రీ కథ. రాసింది నిజంగా నల్లజాతి స్త్రీ అనే ఆమె నమ్మకం, కానీ రుజువు లేదు. ఆమె పోయాక అది వేలానికి వచ్చింది. 2001లో హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్ కొన్నాడు, 2002లో అచ్చయింది. అప్పుడు కాయితాన్ని, సిరాని, అతుకుల్ని నిపుణులు పరీక్షించారు. రాసినామె తప్పు దిద్దుకోవాల్సి వచ్చినప్పుడల్లా చిన్న కాయితం ముక్క అతికించి, దాన్ని కుట్టుపనిలో వేలికి తొడుక్కునే తొడుగుతో నొక్కింది. ఆ తొడుగు గుంటలు కాయితం మీద కనబడ్డాయి. చేతికి సూది అలవాటైన మనిషి కలం పట్టుకున్న ఆనవాలు అది. 2013లో గ్రెగ్ హెసిమోవిచ్ అనే పరిశోధకుడు ఆమె నార్త్ కరోలినాలో బానిసగా బతికిన హానా బాండ్ అని తేల్చాడు. అక్షరాల్ని టైపు చేసుకుని అసలు కాయితాల్ని పారేసి ఉంటే ఆ వేలి తొడుగు జాడ మనకి ఎప్పటికీ దొరికేది కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకి చదువు చెప్పడమే నేరంగా ఉన్న కాలం అది. ఒక నల్లజాతి స్త్రీ ఏదైనా రాస్తే, "ఇది నువ్వే రాశావా?" అన్నది మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు చిత్తుప్రతి చెబుతుంది.

హర్‌స్టన్ రాసిన మరో పుస్తకం కూడా హోవర్డ్‌లోనే నిద్రపోయింది. 1860లో అమెరికాకి వచ్చిన చివరి బానిస నౌకల్లో ఒకటైన క్లోటిల్డాలో తెచ్చిన కొసోలా అనే మనిషితో ఆమె 1920ల చివర్లో గంటల తరబడి మాట్లాడి, అతని మాటతీరులోనే ఆ కథ రాసింది. ఆ యాస తీసేసి మామూలు ఇంగ్లీషులో రాయమన్నారు ప్రచురణకర్తలు. ఆమె ఒప్పుకోలేదు. 1931 నాటి ఆ రాతప్రతి 2018లో 'బారకూన్' పేరుతో అచ్చయింది. మధ్యలో గడిచిన 87 ఏళ్ళూ ఎవరో ఒకరు ఆ పెట్టెని అలమరలోంచి తీసి పారెయ్యకుండా ఉన్నారు. ఆర్కైవ్ పనిలో చాలా భాగం అంతే.

ఇప్పుడు వేరేరకం మనిషి గురించి. తన కాయితాల్ని ఇంకెవరో వచ్చి కాపాడేదాకా ఆగని మనిషి. ఆక్టేవియా బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఇళ్ళల్లో పనిచేసేది, ఆ ఇళ్ళవాళ్ళు పారేసిన పుస్తకాలు కూతురికి తెచ్చి ఇచ్చేది. బట్లర్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రిగా నిలదొక్కుకునేలోపు గిన్నెలు కడిగింది, ఫోన్లో సరుకులు అమ్మింది, బంగాళాదుంప చిప్స్ తయారుచేసేచోట మంచివీ చెడ్డవీ ఏరే పని చేసింది. తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకునేది. అన్నీ దాచింది. స్కూలు రోజుల కథలు, తిరిగొచ్చిన కథలు, నెలాఖరుకి ఎంత మిగులుతుందో వేసుకున్న లెక్కలు, తనకి తాను ధైర్యం చెప్పుకుంటూ రంగు పెన్నులతో రాసుకున్న చీటీలు.

1988 నాటి ఒక నోటుబుక్కు అట్ట లోపల ఆమె తన భవిష్యత్తుని ఆజ్ఞలాగా రాసిపెట్టుకుంది. నా పుస్తకాలు బాగా అమ్ముడుపోయే జాబితాల్లోకి ఎక్కుతాయి, మంచి పేటలో ఇల్లు కొంటాను, పేద నల్లజాతి పిల్లల్ని రచనా శిబిరాలకి పంపిస్తాను, ఇదంతా జరిగి తీరాలి అన్న అర్థంలో. 2006లో ఆమె చనిపోయింది. ఆమె నవల 'పారబుల్ ఆఫ్ ది సోవర్' న్యూయార్క్ టైమ్స్ జాబితాలోకి ఎక్కింది 2020లో. ఆ జాబితా చూసినవాళ్ళు ఎంతమందో, ఈ నోటుబుక్కు ఫొటో ఇంటర్నెట్‌లో చూసినవాళ్ళు అంతకన్నా ఎక్కువే ఉంటారనుకుంటా.

ఆమె కాయితాలు 2008లో హంటింగ్టన్ లైబ్రరీకి చేరాయి. అది పాసడీనా పక్కనే, సాన్ మరీనో అనే సంపన్నుల ఊళ్ళో ఉంది. రైల్వేల మీద సంపాదించిన ఒక కోటీశ్వరుడు కట్టించిన సంస్థ. గుటెన్‌బర్గ్ బైబిలు, ఛాసర్ కథల పాత రాతప్రతి ఉన్న చోటు. ఇళ్ళల్లో పనిచేసిన తల్లి కూతురు తన కాయితాలన్నీ ఆ లైబ్రరీకి చెందాలని ముందే ఏర్పాటు చేసింది. ఎనిమిది వేలకి పైగా అంశాలు, 350కి పైగా పెట్టెలు. ఆ కాయితాలన్నీ సర్ది, పట్టిక రాసి, పరిశోధకులకి తెరిచేసరికి 2013 అయింది. 2017లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అక్కడ ఆమె మీద ప్రదర్శన జరిగింది. దాదాపు వంద అంశాలు పెట్టారు.

ఎనిమిది వేలలో వంద. ప్రదర్శన అంటే ఇదే, ఏది చూపించాలో ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడం. పైగా కాయితానికి వెలుగు శత్రువు. దీపాలు ఎంత తగ్గించినా సిరా వెలిసిపోతుంది. అందుకే ఇలాంటి ప్రదర్శనలు మూడు నాలుగు నెలలకి మించి ఉంచరు. మళ్ళీ పెట్టెలోకి, చీకట్లోకి వెళ్ళాల్సిందే.

టోనీ మారిసన్‌కి కూడా మంటతో పరిచయం ఉంది. 1993 డిసెంబరులో స్టాక్‌హోమ్ వెళ్ళి నోబెల్ తీసుకుని వచ్చింది. అదే నెల 25న, క్రిస్మస్ రోజున, హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఆమె ఇల్లు కాలిపోయింది. ఆ తర్వాత ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో పోయినవాటి గురించి అడిగితే రాతప్రతులతోపాటు పిల్లల ప్రోగ్రెస్ కార్డులు, ఫొటోలు, ఇరవై ఏళ్ళుగా పెంచుకున్న మొక్కలు తలుచుకుంది. రాతప్రతుల్లో చాలావరకు బతికాయి. 2014లో ఆమె కాయితాలు తమకి చేరుతున్నాయని ప్రిన్స్‌టన్ ప్రకటించింది. ఆమె పదిహేడేళ్ళు పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం అది. 2023లో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అక్కడ జరిగిన ప్రదర్శనకి ప్రొఫెసర్ ఆటమ్ వోమాక్ క్యురేటర్. అంచులు కాలిన పేజీలు కూడా అందులో పెట్టారు. కల్పిత ఊళ్ళకి ఆమె గీసుకున్న పటాలు పెట్టారు. రాండమ్ హౌస్‌లో ఎడిటర్‌గా ఉద్యోగం చేస్తూ, ఇద్దరు కొడుకుల్ని ఒక్కతే పెంచుతూ, ఆఫీసు ప్లానర్ డైరీల్లో సమావేశాల తేదీల మధ్య రాసుకున్న నవల ముక్కలు కూడా ఉన్నాయి.

ఆ ప్లానర్ పేజీ చాలా చెబుతుంది. రాయడానికి ప్రత్యేకంగా గది, తీరిక ఉంటే తప్ప సాహిత్యం పుట్టదని నమ్మేవాళ్ళకి అది చూపించాలి. అచ్చయిన నవలలో ఆ ఇరుకు కనబడదు. అన్నీ ముందే తెలిసిన మనిషి ఒక్క ఊపులో రాసినట్టు ఉంటుంది. ఇరుకు తెలిసేది చిత్తుప్రతిలోనే. రాయాలనుకుంటున్న ఏ అమ్మాయికైనా పుస్తకం కన్నా అది ఎక్కువ ధైర్యమిస్తుందని నాకనిపిస్తుంది.

అన్నీ చూపించాలా అన్నది ఇంకో ప్రశ్న. ఆలిస్ వాకర్ 2007లో తన కాయితాల్ని అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీకి ఇచ్చింది. 'ది కలర్ పర్పుల్' రాస్తున్న రోజుల్లో తను కుట్టుకున్న బొంతతో సహా ఇచ్చింది. కానీ డైరీలు చాలావరకు 2040 దాకా తెరవకూడదని షరతు పెట్టింది. హర్‌స్టన్ సమాధిని 1973లో వెతుక్కుంటూ వెళ్ళి, పిచ్చిమొక్కల మధ్య నడిచి, పేరు చెక్కిన రాయి పెట్టించిన మనిషి ఈమే. కాయితాలు పోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఎప్పుడు తెరవాలో చెప్పే హక్కు తనదని కూడా తెలుసు.

లొరేన్ హాన్స్‌బెర్రీకి ఆ అవకాశం రాలేదు. 'ఎ రైజిన్ ఇన్ ది సన్' నాటకం రాసిన ఆమె 1965లో 34 ఏళ్ళకే చనిపోయింది. కాయితాలన్నీ మాజీ భర్త భద్రంగా దాచాడు, అందుకు అతనికి రుణపడి ఉండాలి. కానీ ఆమె స్త్రీలని ప్రేమించిందని చెప్పే కాయితాల్ని ఎవరికీ అందనివ్వలేదు. అతను పోయాక కూడా చాలా ఏళ్ళు అవి మూసే ఉన్నాయి. 1957లో ఆమె ఒక లెస్బియన్ పత్రికకి పొడి అక్షరాలతో సంతకం చేసి రాసిన ఉత్తరాల్ని కేంద్రంగా చేసుకుని 2013లో బ్రూక్లిన్ మ్యూజియం ఒక ప్రదర్శన పెట్టింది. తాళం వాకర్ వేసినా, హాన్స్‌బెర్రీ మాజీ భర్త వేసినా, బయటినుంచి చూసేవాళ్ళకి ఒకేలా ఉంటుంది. ఎవరి నిర్ణయమన్నదే తేడా.

ఎక్కడ పెట్టాలన్నది మరో చర్చ. మాయా ఏంజెలో కాయితాలు 343 పెట్టెలు 2010లో న్యూయార్క్ హార్లెమ్‌లోని షాంబర్గ్ సెంటర్‌కి వెళ్ళాయి. నల్లవాళ్ళ పేటలో ఉన్న ప్రజా గ్రంథాలయం అది. ఆడ్రె లార్డ్ కాయితాలు, టోనీ కేడ్ బంబారా కాయితాలు అట్లాంటాలోని స్పెల్‌మన్ కాలేజీలో ఉన్నాయి. నల్లజాతి అమ్మాయిల కోసం పెట్టిన కాలేజీ అది. మారిసన్ చదివింది హోవర్డ్‌లో, ఆమె పెట్టెలు చేరింది ప్రిన్స్‌టన్‌కి. డబ్బున్నచోట ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది, సిబ్బంది ఉంటారు, పాత ఫ్లాపీ డిస్కుల్లోని ఫైళ్ళని కూడా బయటికి తీయగల యంత్రాలుంటాయి. సొంతవాళ్ళు నడిపేచోట ఆ పిల్లలు బస్సెక్కి వచ్చి తమ అమ్మమ్మల తరం చేతిరాతని చూసుకోగలుగుతారు. రెండూ కావాలి. రెండూ ఒకేచోట అరుదుగా దొరుకుతాయి.

ఇంత దూరం చదివినవాళ్ళకి మన సంగతి ఏమిటన్న ఆలోచన వచ్చే ఉంటుంది.

మనకీ ఒక డొరతీ పోర్టర్ ఉంది, బెంగుళూరు నాగరత్నమ్మ. పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'కి అచ్చులో వచ్చిన ప్రతి చూసి, అందులో ఏవో లోపించాయని గ్రహించి, రాతప్రతి సంపాదించి పోల్చుకుంది. కవయిత్రి తన గురించి, తన వంశంలోని స్త్రీల గురించి చెప్పుకున్న పద్యాలు అచ్చుప్రతిలో ఎగిరిపోయాయి. 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠం వేయించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడుగానీ ఆ నిషేధం పోలేదు. చేతిరాత ప్రతి ఒకటి ఎక్కడో మిగిలి ఉండబట్టే ఇదంతా సాధ్యమైంది.

భండారు అచ్చమాంబ కథల్ని తర్వాతివాళ్ళు పాత పత్రికలు తిరగేసి బయటికి తీశారు. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి గోగు శ్యామల 'నల్లపొద్దు'లో కూర్చింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం అచ్చయిన కథలకి పెద్ద దిక్కు. ఇవన్నీ గొప్ప పనులు. అయితే ఇవన్నీ ప్రధానంగా అచ్చయినవాటినే కాపాడాయి. అచ్చుకాని కాయితాల మీద మనకింకా చిన్నచూపే. రచయిత్రి పోయిన ఏడాదికి ఇల్లు మారతారు, పాత పేపర్లవాడు వస్తాడు, కిలో లెక్కన తూకం వేస్తాడు. వంటింటి అలమరలో పద్దుల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్న కథ ఎవరి కంటా పడదు. రాసినావిడ దళిత స్త్రీ అయితే ఆ కాయితం దాచుకోవడానికి గట్టి పెట్టె ఉన్న ఇల్లే చాలాసార్లు ఉండదు.

గొప్ప రచయిత్రి అని లోకం తేల్చాక అప్పుడు దాద్దాంలే అనుకుంటే ఆలస్యం అయిపోతుంది. హర్‌స్టన్ చనిపోయినప్పుడు ఆమె గొప్పదని లోకం అనుకోలేదు. డువాల్ లోకం మాట కోసం ఆగలేదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో, హైదరాబాద్‌లో మీ ఇళ్ళల్లో ఇలాంటి కాయితాలు ఉంటే చెయ్యగలిగినవి కొన్ని చెబుతాను. పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి, తుప్పు కాయితాన్ని తినేస్తుంది. చిరిగినచోట సెల్లోటేపు వెయ్యొద్దు. ఆమ్లం లేని కాయితంతో చేసిన అట్టపెట్టెలు దొరుకుతాయి, వాటిలో పెట్టి, వేడీ చెమ్మా తక్కువున్న గదిలో ఉంచండి. అటక మీదా, బేస్‌మెంట్‌లోనూ వద్దు. పెట్టె మీద ఎవరివి, ఏ సంవత్సరాలవి, ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో పెన్సిల్‌తో రాయండి. ఫొటో వెనక పేర్లు రాయగలిగేవాళ్ళు ఇంకా బతికి ఉండగానే రాయించండి. స్కాన్ చెయ్యండి, చేశాక అసలుని పారెయ్యకండి. ఉత్తరం కాయితం మీదే అయినా అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్ళది, వాళ్ళ తర్వాత వారసులది. అచ్చు వేసేముందు అడగాలి.

కంప్యూటర్లో ఉన్నవాటి సంగతి ఇంకా తొందర. తొంభైల్లో ఆర్‌టీఎస్‌లో టైపు చేసుకున్న కథలు, అను ఫాంట్లలో ఉన్న నవలలు ఎన్నో పాత హార్డ్ డిస్కుల్లో మూలుగుతున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు పనిచేస్తుండగానే మార్చుకోవాలి.

రాసేవాళ్ళు ఇంట్లో ఉంటే, అమ్మో, అత్తగారో, పెద్దమ్మో, ఆవిడనే కూర్చోబెట్టి అడగండి. ఏవి ఉంచాలి, ఏవి చింపెయ్యాలి, ఏవి పాతికేళ్ళ దాకా ఎవరూ చూడకూడదు. ఆవిడ చెప్పినట్టే ఒక కాయితం మీద రాసి, సంతకం పెట్టించి, అదే పెట్టెలో పైన పెట్టండి. "నా రాతలేం రాతల్లే, పారేసెయ్" అంటుంది. ఆ ఒక్క మాట మాత్రం వెంటనే ఒప్పుకోకండి.